పాలు పడని బిడ్డ

2022 మే నెల. మా పాపకు పదకొండో నెల నడుస్తోంది. ఇక పైపాలు అలవాటు చేద్దామని ఆవుపాలు కాచి, చల్లార్చి, ఉగ్గుగిన్నెతో పట్టాను. మూడు గుక్కలు తాగిందో లేదో ముఖం తిప్పేసింది. మూతి తుడుస్తుంటే గడ్డం కింద దోమ కుట్టినట్టు ఒక దద్దురు కనిపించింది. పాలు అంటిన చోటల్లా ఇంకొకటి. చూస్తుండగానే చెవుల వెనక్కి, మెడ మీదికి పాకాయి. పది నిమిషాలకు తాగిందంతా కక్కేసి, ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయింది.

వేడి చేసిందని మా అత్త అంది. మే నెలలో తిరుపతి ఎండకు ఎవరైనా అదే అనుకుంటారు. అన్నప్రాశన రోజు పాయసం నాకిస్తే పెదాల చుట్టూ ఎర్రబడిన సంగతి నాకు అప్పుడు గుర్తే రాలేదు.

మర్నాడు దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. డాక్టరు రెండు మాటలు విని, లాక్టోజ్ పడటం లేదని చెప్పి, లాక్టోజ్ లేని పాలపొడి డబ్బా రాసిచ్చారు. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. అది అరగకపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, అంతేగానీ ఒంటి మీద దద్దుర్లు లేవవు. మా పాపకు పడనిది పాలలోని ప్రొటీను. ఆ డబ్బాలో చక్కెర తీసేశారు, ప్రొటీను మాత్రం అలాగే ఉంది. ఈ ఒక్క ముక్క ఆ రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పొడి కలిపి నాలుగు చెంచాలు పట్టాను. ఈసారి కళ్లు వాచి మూసుకుపోయాయి. దగ్గు మొదలైంది. ఒళ్లో పడుకోబెట్టుకుంటే గుండెల్లోంచి పిల్లికూతలు వినిపించాయి. మా ఆయన బండి తీశాడు. వెనక కూర్చుని, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్లాను. ఎమర్జెన్సీలో నర్సమ్మ తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ వేసింది. కాసేపటికి కూతలు తగ్గాయి. తగ్గింది కదా, ఇంటికి పోతామంటే ఒప్పుకోలేదు. కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెట్టవచ్చని రాత్రంతా ఉంచుకున్నారు.

అక్కడివాళ్లే అలర్జీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. మా వైపువాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరే. చిత్తూరు మీదుగా పొద్దున్నే బయల్దేరాం. పాప ముంజేతి మీద పెన్నుతో చిన్న చిన్న గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో చుక్క మందు వేసి, సూదిమొనతో అలా తాకించారు. పావుగంట ఆగమన్నారు. ఆ పావుగంటా పాప చెయ్యి గోక్కోకుండా పట్టుకుని కూర్చున్నాను. పాల చుక్క వేసిన చోట శనగగింజంత బొబ్బ లేచింది. గుడ్డు దగ్గర కొంచెం చిన్నది. గోధుమ, సోయా, చెనక్కాయ, నువ్వుల దగ్గర ఏమీ లేవలేదు. డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచి రాసుకుంది. మూడు మిల్లీమీటర్లు, అంతకు మించితే లెక్కలోకి వస్తుందట. బొబ్బ ఒక్కటే చూసి తీర్పు చెప్పరు, జరిగిన కథ కూడా కలవాలి. మా కథ సరిగ్గా కలిసింది.

పాపకు నా పాలతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు కాబట్టి నేను పెరుగు మానక్కర్లేదని, రెండేళ్లు నిండేదాకా, కుదిరితే ఆ తర్వాత కూడా పాలివ్వమని చెప్పింది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా తప్పు నా పాలలోనే ఉందేమోనని లోలోపల నలిగిపోతూ ఉన్నాను. పెన్నులా పొడుచుకునే ఇంజెక్షన్ మన దగ్గర దొరకడం కష్టమని, అడ్రినలిన్ ఆంప్యూలు (మందు ఉండే చిన్న గాజు సీసాలు), చిన్న సిరంజి ఇచ్చి, పాప బరువుకు ఎంత ఎక్కించాలో కాగితం మీద రాసి, నాతోనూ మా ఆయనతోనూ ఉత్త నీళ్లతో నాలుగుసార్లు చేయించింది. ఊపిరికి ఇబ్బంది వచ్చినప్పుడు అలర్జీ సిరప్ తాగించి కూర్చోకూడదు, ముందు తొడకు ఇంజెక్షన్, ఆ వెంటనే ఆసుపత్రి. ఆ పర్సు ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంటుంది.

ఇక ఏం పట్టాలి? అసలు కష్టం అక్కడ మొదలైంది.

మా పుట్టిల్లు పలమనేరు దగ్గర పల్లె. మా ఇంట్లో రెండు పూటలా పాలు పిండి కేంద్రంలో పోస్తారు. "మనమరాలికి పాలు పడవా!" అని మా నాయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాత ఫోన్ చేసి, "అమ్మా, పుంగనూరు ఆవుపాలు చిక్కగా ఉంటాయి, మంచివంటారు, ఎవరినైనా అడిగి తెస్తాను" అన్నాడు. గేదెపాలన్నారు. మేకపాలన్నారు. మా వీధిలోకి గాడిదను తోలుకొచ్చే ఆయన దగ్గర ఒక ఉగ్గు పట్టించమని పక్కింటి పెద్దమ్మ పోరు పెట్టింది. అన్నీ రాసుకెళ్లి డాక్టరమ్మను అడిగాను. ఆమె ఒక్కటి కూడా తీసిపారేయకుండా జవాబు చెప్పింది. ఆవు ఏ జాతిదైనా పాలలో కేసిన్ అనే ప్రొటీను ఉంటుంది, నాటు ఆవులవని ప్రత్యేకంగా అమ్మే ఏ2 పాలైనా అంతే. మేకపాలు, గేదెపాలలోని ప్రొటీన్లు ఆవుపాలవాటికి దగ్గరి చుట్టాలు కాబట్టి ఇది పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు. గాడిదపాలు కాచకుండా పడతారు, ఇన్‌ఫెక్షన్ భయం, పైగా పెరిగే బిడ్డకు కావలసిన కొవ్వు వాటిలో తక్కువ.

ప్రొటీన్లను ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టి చేసే ప్రత్యేకమైన పాలపొడి ఒకటుంది. ఏడాదిలోపు పిల్లల్లో తల్లిపాలు లేనివాళ్లకు అదొక దారి. ధర చూసి మా ఆయన నోట మాట రాలేదు, అయినా తెచ్చాడు. చేదు వాసన. పాప నోట్లో పెట్టుకుంటే ఒట్టు. నా పాలు ఉన్నాయి, ఏడాది నిండబోతోంది, అన్నం తింటోంది కాబట్టి బలవంతం వద్దన్నారు.

అప్పుడు మొదలుపెట్టాను అంగళ్ల చుట్టూ తిరగడం. బాదం పాల డబ్బా వెనక్కి తిప్పి చూస్తే 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము ప్రొటీను కూడా లేదు. ఆవుపాలలో మూడు గ్రాముల పైనే ఉంటుంది. కొబ్బరిపాలదీ అదే కథ, కొవ్వు ఉంది, ప్రొటీను చాలా తక్కువ. బియ్యం పాలలో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉందని ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని బ్రిటన్‌లో చెప్తారట, డైటీషియన్ కూడా వద్దంది. ఓట్స్ పాలు కొంత మెరుగు. ప్రొటీనులో ఆవుపాలకు దగ్గరగా వచ్చింది సోయా ఒక్కటే. పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. మా అదృష్టం, పాపకు పడింది. ఇంట్లోనే సోయాచిక్కుళ్లు నానబెట్టి రుబ్బి తీద్దామనుకున్నాను గానీ ఇంట్లో తీసినవాటిలో చాలినంత కాల్షియం ఉండదు. కాల్షియం కలిపిన, తీపి కలపని డబ్బానే కొనాలి. ఆ కాల్షియం అడుగున పేరుకుంటుంది. డబ్బా బాగా కుదపకపోతే పైన తాగేది ఉత్త సోయానీళ్లే.

ఇంత తిరిగాక డైటీషియన్ చెప్పిన మాటే నా కళ్లు తెరిపించింది: "పాలకు బదులు ఇంకో తెల్లటి పాలు వెతుకుతున్నారమ్మా. పాలు బిడ్డకు ఏమేం ఇస్తాయో అవి వెతకండి." ఏడాది దాటి మూడేళ్లలోపు ఉన్న బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ప్రొటీను కావాలి, కొవ్వు కావాలి, బీ12, విటమిన్ డీ కావాలి. అవి ఒక్క గ్లాసులోంచే రావాలని లేదు.

కాల్షియానికి రాగులు మా ఇంట్లోనే ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. మా అమ్మ పల్లె నుంచి సంచి పంపింది. రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, తెల్లటి మొలక రాగానే మెత్తగా రుబ్బి, పాత పంచె గుడ్డలో వేసి పిండేదాన్ని. బూడిద రంగులో చిక్కగా కారేది రాగిపాలు. సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే ఒక్కసారిగా గరిటెకు బరువు తగులుతుంది, అప్పుడు దించి, ఒక చెంచా చెనక్కాయ నూనె, కాస్త బెల్లం. పిండాక మిగిలిన పిప్పిలోనూ సత్తువ పోతుందని, పళ్లు వచ్చాక వడకట్టడం మానేసి పిండితోనే సంగటి చేసి పెట్టాను. పప్పులో మునగాకు, అన్నంలో చెనక్కాయల పొడి, నువ్వుల పొడి, ఆదివారం మెత్తగా ఉడికించిన కోడి కార్జం. సోయాపాలు రోజుకు ఒకటిన్నర కప్పు. విటమిన్ డీ చుక్కలు డాక్టరమ్మ రాసినట్టు. పదమూడో నెలలో 8.1 కిలోలున్న పాప ఏడాదిన్నరకు 9.6 అయింది. ఆ అంకె చూసి మా నాయన ఆ రోజు కడుపునిండా తిన్నాడని మా అమ్మ చెప్పింది.

పాలు దాక్కునే చోట్లు తెలుసుకోవడానికి ఇంకా కాలం పట్టింది. బిస్కెట్లు, బ్రెడ్డు, చాక్లెట్లు సరే, కొన్ని మసాలా చిప్స్‌లో కూడా పాలపొడి ఉంటుంది. పాలు ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద రాయాలని మన ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల్లోనే ఉంది. ఆ వరుస చదవనిదే ఏదీ ఇంట్లోకి రాదు. విడిగా అమ్మే స్వీట్లకు లేబుల్ ఉండదు కాబట్టి వాటి జోలికే పోలేదు. నెయ్యిలో కూడా ప్రొటీను కాస్త మిగిలే ఉంటుందని, మా పాపలాంటి వాళ్లకు అదీ వద్దన్నారు.

తిరుపతిలో పుట్టిన బిడ్డ లడ్డూ తినకూడదంటే మా అత్తకు ఎంత బాధో మాటల్లో చెప్పలేను. పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు వెళ్లినప్పుడు కంపార్ట్‌మెంట్‌లో పిల్లలకు వేడి పాలు పంచుతున్నారు. శ్రీవారి సేవకురాలు ఎంతో ప్రేమగా గ్లాసు చాచింది. పాప చెయ్యి చాపింది. "వద్దు తల్లీ, మా బిడ్డకు పాలు పడవు" అని మా అత్తే ముందు అడ్డం వచ్చింది. దర్శనం అయ్యాక లడ్డూ సంచి విప్పకుండానే పాప కళ్లకద్ది, తన కళ్లకద్దుకుని, మూటలో పైన పెట్టేసింది. వేడి చేసిందన్న మనిషే. ఆ రోజు నుంచి పాప తిండి విషయంలో నాకు ఇంట్లో తోడు ఆవిడే.

ఏటా రక్తపరీక్షలో పాలకు సంబంధించిన అంకె తగ్గుతూ వచ్చింది. 2024లో ఆసుపత్రిలోనే, డాక్టర్ల ఎదురుగా, పాలు కలిపి కాల్చిన బిస్కెట్ చిన్న ముక్కతో మొదలుపెట్టారు. "మనం ఎలాగూ పాలు కాచే తాగుతాం కదా" అని మా అమ్మ సందేహం. కాయడం చాలదట. గోధుమపిండిలో కలిసి ఓవెన్ వేడికి అరగంట కాలితే పాలప్రొటీను రూపం మారుతుంది, కొంతమంది పిల్లలకు అలా అయితే పడుతుంది. మా పాపకు పడింది. అక్కడి నుంచి నిచ్చెన మెట్లలా, ఒక్కో మెట్టు మీద నెలల తరబడి ఆగి, వాళ్లు చెప్పినప్పుడే పై మెట్టు. ఒకసారి మూతి చుట్టూ దద్దుర్లొస్తే మళ్లీ కిందికి దిగాం. ఇలా ఇంట్లో సొంతంగా ఎవరూ చేయొద్దు. మా పాపకు మొదట్లో ఊపిరే ఆగబోయింది, అందుకే మొదటి ముక్క ఆసుపత్రిలో పెట్టారు.

గుడ్డు ఇప్పటికీ లేదు. పచ్చిపాలు, కాచిన పాలు ఇంకా లేవు. పోయిన నెల పెరుగు మెట్టు మొదలైంది. ఆసుపత్రిలో అర చెంచా తిని బాగానే ఉంది, ఇంటి దగ్గర ఒక చెంచా పెట్టమన్నారు. పల్లెకు వెళ్లాం. పాప ఎదురుగా పెరుగు గిన్నె బయటికి తీయడమే మానేసిన మా అమ్మ, ఆ మధ్యాహ్నం సంగటి ముద్ద పక్కన ఒక చెంచా పెరుగు వేసింది. పాప వేలితో నాకి, "పుల్లగా ఉంది అవ్వా" అని తినేసింది. గోడ గడియారంలో ఒంటిగంట పది. నా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా నాయన వాకిట్లోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాసేపు ఆడుకుని పాప మా అమ్మ తొడ మీద నిద్రపోయింది. గడ్డం ఎత్తి కింద చూశాను, చెవుల వెనక చూశాను, గుండెకు చెవి ఆనించి విన్నాను. మూడు పది అయింది. మా నాయన లోపలికి తొంగి చూసి, "ఏమ్మా?" అన్నాడు.

"ఏం లేదు నాయనా, నిద్రపోతోంది" అన్నాను.