ఫ్లాగ్ తీసేశారు, మ్యాచ్ మాత్రం రాలేదు

2024 అక్టోబర్ 20, ఆదివారం. ఆస్టిన్.

లేచేసరికి పదిన్నర. గొంతు బొంగురుపోయింది. రాత్రి ఒకటి కాదు, రెండు మ్యాచ్‌లు పోయాయి మరి. మొదటిది ఇక్కడ మా ఊళ్లోనే. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో నంబర్ వన్ ర్యాంకులో ఉన్న మా టెక్సాస్ యూనివర్సిటీ జట్టును జార్జియా వాళ్లు 30-15తో ఓడించారు. రెండోది అర్ధరాత్రి దాటాక, బెంగళూరులో, న్యూజిలాండ్ చేతిలో. మన దేశంలో వాళ్లు టెస్టు గెలిచి 36 ఏళ్లయిందట. మొదటి ఇన్నింగ్స్‌లో 46 పరుగులకు ఆలౌటయిన జట్టు మీద ఆశ పెట్టుకుని అంతసేపు ఎందుకు మేలుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

కాఫీ పట్టుకుని బయటికి వస్తే ఎదురింటి పెద్దాయన గడ్డి కోస్తున్నాడు. మ్యాచ్ ఉన్న వారం ఆయన ఒంటి మీద టెక్సాస్ నారింజ చొక్కా తప్ప ఇంకోటి కనపడదు. ఇవాళ ఉత్త తెల్ల బనీను. నన్ను చూడగానే మెషీన్ ఆపి, పలకరింపు కూడా లేకుండా ఆ ఫ్లాగ్ సంగతి, అదే, తప్పు జరిగిందని రిఫరీ విసిరే పసుపు గుడ్డ సంగతి ఎత్తుకున్నాడు.

ఊరంతా ఇవాళ ఆ ఒక్క ఫ్లాగ్ గురించే. మూడో క్వార్టర్. జార్జియా 23, మేం 8. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) బెక్ విసిరిన బంతిని మా జాడే బ్యారన్ మధ్యలోనే లాక్కుని, వాళ్ల గోల్ లైన్ దగ్గరిదాకా పరిగెత్తాడు. నేను సోఫా మీద నిలబడ్డాను. అప్పుడు టీవీలో ఓ మూల పసుపు గుడ్డ కనిపించింది. బంతి అందుకోబోయేవాణ్ణి బ్యారన్ ముందే తోశాడట, క్యాచ్ చెల్లదట. రీప్లే చూస్తే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చేతులేశారు. మనవాడొక్కడిదే తప్పనడానికి నాకైతే ఏమీ కనిపించలేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ రకం పెనాల్టీని రీప్లే చూసి మార్చే వీలు లేదు. అంటే అయిపోయినట్టే.

స్టూడెంట్లు కూర్చున్న వైపు నుంచి సీసాలు పడటం మొదలైంది. లక్షమందికి పైగా ఉన్న స్టేడియం. మా కోచ్ సార్కిసియన్ స్వయంగా అటు వెళ్లి ఆపండి బాబూ అని చేతులెత్తి అడుగుతున్నాడు. గడ్డి మీద సీసాలు ఏరుతుంటే ఆట ఆగింది. ఈలోగా రిఫరీలు గుంపుగా నిలబడి ఏదో మాట్లాడుకుని, ఫ్లాగ్ వెనక్కి తీసుకున్నారు! బంతి మాదే. కాసేపటికే బంతిని వాళ్ల గోల్ లైన్ దాటించి టచ్‌డౌన్, 23-15. నేను అరిచిన అరుపుకి మా ఆవిడ మేడ మీద నుంచి దిగి వచ్చింది.

రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ సీసాలు చూసినప్పుడు నాకు కోపం రాలేదు. 1996 గుర్తొచ్చింది. ఈడెన్ గార్డెన్స్‌లో సెమీఫైనల్, శ్రీలంక మీద మనవాళ్లు 120కి 8, జనం సీసాలు విసిరారు, మ్యాచ్ వాళ్లకి ఇచ్చేశారు. కాంబ్లీ ఏడుస్తూ బయటికి వస్తుంటే మా ఇంట్లో నాన్న టీవీ కట్టేశారు. అక్కడ సీసాలు వేస్తే మ్యాచే పోయింది. ఇక్కడ సీసాలు వేస్తే పోయిన బంతి తిరిగొచ్చింది.

సరిగ్గా ఇదే పాయింటు పట్టుకున్నాడు జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్. మైదానంలోకి వస్తువులు విసిరితే నిర్ణయం మారుతుందని ఇక అందరికీ తెలిసిపోయిందని అన్నాడు. మా వాళ్లకి మండింది. మొదటి నిర్ణయమే తప్పు కదా, దిద్దుకుంటే తప్పేంటని పెద్దాయన వాదన. తప్పేమీ లేదు. కానీ సీసాలు పడకపోతే దిద్దేవారా? అది అడగబోయి ఊరుకున్నాను. ఆయన చేతిలో గడ్డి మెషీన్ ఉంది.

ఫ్లాగ్ అయ్యాక ధ్యాస సంగతికి వచ్చాడు. ఇదే వారాంతం ఊళ్లో ఫార్ములా వన్ రేసు పెట్టారు, ట్రాఫిక్, హెలికాప్టర్లు, హడావిడి, కుర్రాళ్ల మనసు ఆట మీద ఎలా నిలుస్తుంది అని. జార్జియా వాళ్లకి మాత్రం వేరే ఆస్టిన్‌లో ఆడే వీలు ఇచ్చారా ఏంటి? ఇంకో వాదం ఆఫీసు గ్రూపులో. రెండో క్వార్టర్‌లో మా క్వార్టర్‌బ్యాక్ యూవర్స్‌ని కూర్చోబెట్టి రెండో క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్‌ని దింపారు, మళ్లీ యూవర్స్‌నే తెచ్చారు, దాంతో ఇద్దరి మనసూ పాడైందట. ఇందులో కొంత నిజం ఉండొచ్చు.

మన క్వార్టర్‌బ్యాక్‌లను ఏడుసార్లు పడగొట్టారు. సగం ఆట అయ్యేసరికి 23-0. అప్పటికి ఏ ఫ్లాగూ లేదు, ఏ సీసా లేదు. పైగా ఆ ఫ్లాగ్ చివరికి మనకే కలిసొచ్చింది, ఆ తర్వాత జార్జియా వాళ్లు బంతిని చాలా దూరం ముందుకు నడిపించుకుంటూ వచ్చి 30 చేశారు. ఇంతా జరిగాక కూడా రిఫరీలను తిడుతున్నామంటే, ఓటమి కంటే ఆ తిట్టడమే మాకు రుచిగా ఉందేమో. నేనూ అంతే. శనివారం పొద్దున బెంగళూరులో వెలుతురు లేదని అంపైర్లు ఆట ఆపేస్తే రోహిత్, కోహ్లీ వాళ్లతో వాదించారు కదా, వాళ్ల తరఫున ఇక్కడ వంటింట్లో నేనూ అరగంట వాదించాను. 46 ఆలౌట్ మాట ఎత్తకుండా.

సాయంత్రం వార్త వచ్చింది. సీసాల గొడవకి టెక్సాస్ యూనివర్సిటీకి ఎస్‌ఈసీ (మా జట్టు ఆడే కాలేజీల లీగ్) వాళ్లు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశారు. విసిరినవాళ్లను గుర్తుపట్టి ఈ ఏడాదంతా ఆటలకి రానివ్వొద్దన్నారు. ఎస్‌ఈసీలో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు, అప్పుడే ఫైను.

రెండు నిమిషాల్లో మా బావమరిది ఫోను. వాడుండేది అట్లాంటా పక్కన, ఆల్ఫరెటాలో. పొద్దుటి నుంచి వీడింకా చేయలేదేంటా అనుకుంటూనే ఉన్నాను.

"బావా, మీవాళ్లు ఫ్లాగ్ కొనుక్కున్నారంట కదా, రెండున్నర లక్షలు పెట్టి?"

"అది ముందు తప్పు నిర్ణయం రా..."

"మ్యాచ్ కూడా కలిపి బేరం ఆడాల్సింది బావా."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. ఎంతైనా తమ్ముడు కదా.