ఫోన్ నంబరు చెప్పండి మేడమ్

రాత్రి పదకొండు దాటింది. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం దేనికని ఎప్పటిలాగే ఒక మాట అనేసి మా వారు నిద్రపోయారు. నాకు మాత్రం నిద్ర రావడం లేదు.

కందిపప్పు, ఇంగువ, చిన్నవాడి నోటుపుస్తకాలు కలిపి 412 రూపాయల సరుకు. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడితే కౌంటరులోని అబ్బాయి ఫోన్ నంబరు అడిగాడు. ఇవ్వనన్నాను. నంబరు కొట్టకపోతే కంప్యూటరు ముందుకు కదలదన్నాడు. నంబరు కోసం కొనేవారిని పట్టుబట్టరాదని, ఇవ్వనందుకు సరుకు నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే చెప్పిందని వివరించబోయాను గానీ, పొద్దుటి నుంచి నిలబడి ఉన్న ఆ కుర్రవాడికి ఆ శాఖతో ఏం పని? "మా ఫ్యామిలీలో చేరితే పాయింట్లు వస్తాయి మేడమ్" అన్నాడు.

ఉన్న కుటుంబంతోనే వేగలేకపోతున్నాను. పోయిన ఏడాది ఇటువంటి మరో కుటుంబంలో చేరితే, పుట్టినరోజు నాడు మా ఆడపడుచు కన్నా ముందే వారి శుభాకాంక్షలు వచ్చాయి. ఆ తరువాత నెలకే, అప్పటిదాకా పోగైన 84 పాయింట్లకు గడువు తీరిందన్న కబురూ వచ్చింది.

తెనాలిలో మా వీధి చివరి శెట్టిగారి కొట్టులో ఇవేవీ ఉండేవి కావు. పొడుగాటి పద్దు పుస్తకంలో మా ఇంటికొక పేజీ ఉండేది. నేను చీటీ ఇస్తే ఆయన సరుకులు కాగితపు పొట్లాలుగా కట్టి, పురికొస పళ్లతో తెంపి, చివరికి నా అరచేతిలో కొసరుగా బెల్లం ముక్క పెట్టేవారు. మా బామ్మ మోకాళ్ల నొప్పులు, పక్కింటి వారి పెళ్లి సంబంధం, ఎవరింటికి చుట్టాలు వచ్చారన్నది, అన్నీ ఆ అరుగు మీదే తెలిసేవి. కొట్టు అంటే అదీ, మనుషుల్ని కలిపేది అదీ అని ఇంతవరకూ రాసి, ఒకసారి ఆగాను.

ఎందుకంటే, నాన్నగారికి జీతం రాని ఆ రెండు నెలలు గుర్తుకొచ్చాయి. "పాత బాకీ 340 అలాగే ఉందని మీ నాన్నగారితో చెప్పమ్మా" అని, అరుగు మీద ఉన్న నలుగురికీ వినబడేలా ఆయన అన్న రోజు బెల్లం ముక్క కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. ఆ తరువాత చాలాకాలం బడికి చుట్టు తిరిగి వెనకవీధి గుండా వెళ్లాను. మన గురించి అంతా తెలిసిన కొట్టులో మన లేమి కూడా అందరికీ తెలుస్తుంది. ఆ లెక్కన, నేనెవరో తెలియని ఈ చల్లటి దుకాణంలో తల వంచుకోవలసిన అవసరం లేకుండా కొనుక్కోగలగడం కూడా ఒక సుఖమే కదా?

అయినా ఒక తేడా ఉంది. అక్కడ మేము బాకీ పడ్డాం. శెట్టిగారు అడిగారే గాని, ఆ రెండు నెలలూ బియ్యం ఆపలేదు. ఇక్కడ దుకాణమే మనకు బాకీ పడి, ఆ బాకీకి గడువు తేదీ తానే వేసుకుంటుంది. కోపం దాని మీద తెచ్చుకోవాలి గాని, ఆ కౌంటరు అబ్బాయి మీద కాదు. అతనితో కటువుగా మాట్లాడానేమో.

ఇంతకీ గొడవ తెగిన తీరు చెప్పనేలేదు. వరుసలో నా వెనక నిలబడ్డ ఒక పెద్దాయన ముందుకు వంగి, "నా నంబరు కొట్టవయ్యా, ఆవిడ పాయింట్లు నాకు రానీ" అన్నారు. వరుసంతా నవ్వింది, ఆ అబ్బాయితో సహా. ఇంగువ బరువెంత తగ్గిపోయిందో, ధర ఎంత పెరిగిందో ఆయనా నేనూ తలుపు దాకా చెప్పుకుంటూ వచ్చాం. ఆయన పేరు అడగలేదు.

మా ఇంటి కందిపప్పు కొన్నందుకు కృతజ్ఞతలు ఈపాటికి ఆయన ఫోనుకు చేరి ఉంటాయి.