ఈసారి ఓడ మార్చాలా?

మూడు వారాలుగా మా ఇంట్లో ఒకటే ముచ్చట. సముద్ర విహారానికి ఈసారి కూడా కార్డీలియా కంపెనీ ఓడ ఎంప్రెస్‌లోనే పోదామా, లేక సింగపూర్ దాకా పోయి వేరే కంపెనీ ఓడ ఎక్కుదామా? నాకు మారాలని ఉంది, మా ఇంటామెకు లేదు. ఆమె మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే ఇన్ని రోజులు పట్టింది.

నేను సింగరేణిలో 34 ఏళ్లు చేశాను. మొదట గోదావరిఖని, తర్వాత భూపాలపల్లి, ఎక్కువ కాలం బొగ్గు బాయిలో దిగే పనే. మొదటి షిఫ్టులో టోపీ లైటు పెట్టుకుని దిగితే మళ్లీ ఎండ కనబడేది సాయంత్రం పైకి వచ్చాకే. రిటైరయ్యాక హన్మకొండలో ఇల్లు తీసుకున్నాం. సముద్రం మీద తిరగాలన్న కోరిక ఎప్పటి నుంచో ఉండేది.

2023 ఫిబ్రవరిలో ముంబై నుంచి గోవాకు మొదటిసారి పోయాం. ధర తక్కువని కిటికీ లేని లోపలి గది తీసుకున్నాం. రాత్రి లైటు ఆపేసరికి నా చేయి నాకే కనబడలేదు. ఆ చీకటి నాకు బాగా తెలుసు. నిద్ర పట్టక మూడింటికి లేచి పై డెక్కు మీదికి పోయి కూర్చున్నాను. కొంతసేపటికి నీళ్ల అంచు బూడిద రంగుకు తిరిగింది, తర్వాత ఎరుపెక్కింది. ఆమెను లేపి తీసుకొచ్చేలోపే పొద్దు పైకి వచ్చేసింది. అది ఆమెకు చూపించలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

రెండోసారి అదే ఏడాది జూలైలో చెన్నై నుంచి శ్రీలంక. వరంగల్‌లో రైలెక్కి చెన్నైలో దిగి హార్బర్‌కు పోయాం. ఈసారి కిటికీ ఉన్న గది తీసుకున్నాం కానీ ఆ అద్దం తెరుచుకోదు. గాలి రాదు, నీళ్ల చప్పుడు వినబడదు. అయినా ట్రింకోమలీలో సముద్రం ఒడ్డున గుట్ట మీద ఉన్న కోణేశ్వర స్వామి గుడి చూసి వచ్చినప్పటి నుంచి ఆమెకు ఎంప్రెస్ అంటే ప్రాణం.

"తెలిసిన ఓడ ఉండంగ తెలువని ఓడెందుకయ్యా?" అంటుంది. ఎంప్రెస్‌లో అందరితో హిందీలో మాట్లాడుకుంటుంది, కాలనీలో నేర్చిన హిందీ. సోమవారం వేములవాడ రాజన్న వారమని ఆమె నీసు ముట్టదు. అక్కడ శాకాహారానికి లోటుండదు. చీర కట్టుకుని డైనింగ్ హాల్లోకి పోతే చుట్టూ అందరూ మనలాంటి వాళ్లే. సింగపూర్‌లో ఇవన్నీ ఎట్లుంటాయోనని ఆమె టెన్షన్.

మా పెద్దోడు రెండు కంపెనీలు చూపించాడు. ఒకటి రాయల్ కరీబియన్. వాళ్ల క్వాంటమ్ తరగతి ఓడల్లో లోపలి గదులకు గోడ మీద పెద్ద తెర పెట్టి, బయటి సముద్రాన్ని అప్పటికప్పుడు చూపిస్తారట. మంచి ఆలోచనే, కానీ నాకు తెర వద్దు. తలుపు తీసుకుని బయట నిలబడాలి.

వెతుకుతుంటే ఇంకో సంగతి తెలిసింది. మా ఎంప్రెస్ 1990లో ఆ రాయల్ కరీబియన్ కోసం కట్టిన ఓడే, అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. 2021లో కార్డీలియా పేరుతో మన దగ్గర తిరగడం మొదలైంది. ఆమెకు చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే అదీ ఎన్నో చేతులు మారొచ్చిందా" అంది. ఆ మాటతో కొంచెం మెత్తబడిందని నాకు అర్థమైంది.

రెండోది స్టార్‌డ్రీమ్ క్రూజెస్ (ముందు పేరు రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్) వాళ్ల ఓడ జెంటింగ్ డ్రీమ్, 2016లో కట్టింది. ఎంప్రెస్ 48 వేల టన్నుల చిల్లర అయితే ఇది లక్షా 50 వేలు దాటింది, పొడవు 335 మీటర్లు. గదుల్లో ఎక్కువ వాటికి బాల్కనీ ఉంది. ఇండియన్ శాకాహారం, జైన భోజనం కూడా పెడతారు. ఓడ పెద్దదైన కొద్దీ ఊగుడు తగ్గుతుంది. కింది డెక్కుల్లో, నడిమి భాగంలో గది దొరికితే ఇంకా తక్కువ. గోవా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆమెకు కడుపులో తిప్పింది కాబట్టి నాకు ఇది ముఖ్యం.

ఖర్చు సంగతి దాచను. మొదటి ట్రిప్పుకు హైదరాబాద్‌లో ఒక ఏజెంటు టికెట్ ధర ఒక్కటే చెప్పాడు. పోర్టు చార్జీలు, తలకు రాత్రికి ఇంత అని సిబ్బందికి ఇచ్చే గ్రాట్యుటీ, అన్నీ తర్వాత బయటపడ్డాయి. అందుకే ఈసారి అన్నీ కలిపి కాగితం మీద రాసివ్వమన్నాను. శంషాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, నాలుగున్నర గంటల ప్రయాణం. ఒకరోజు ముందే పోవాలి, ఓడ మనకోసం ఆగదు. మలేసియాకు 2023 డిసెంబర్ నుంచి మనకు వీసా అక్కర్లేదు. కానీ సింగపూర్ వీసా మాత్రం ఒకటి కంటే ఎక్కువసార్లు అడుగుపెట్టనిచ్చేదై ఉండాలి. ఓడెక్కి మలేసియా పోయి తిరిగొచ్చామంటే సింగపూర్‌లో రెండోసారి దిగినట్టే లెక్క. ఎక్కేముందు ఇది చూసుకోని వాళ్లు చిక్కుల్లో పడతారు.

మొన్న రాత్రి అన్నం తిన్నాక ఆమే అడిగింది: "ఆ బాల్కనీల కూసుంటే పొద్దు పొడుసుడు కనబడతదా?"

మ్యాపు తీసి చూశాం. సింగపూర్‌లో సాయంత్రం కదిలిన ఓడ మలక్కా జలసంధిలో వాయువ్యం దిక్కు పోతుంది. అంటే మొదటి పొద్దున తూర్పు కుడిచేతి వైపు ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎడమకు మారుతుంది. నిన్న జెంటింగ్ డ్రీమ్‌లో మూడు రాత్రులకు అడ్వాన్సు కట్టాను. నడిమి భాగంలో, కుడివైపు బాల్కనీ గది కావాలని రాయించాను. మొదటి పొద్దున మాత్రం ఆమెను ముందే లేపుతాను.