రిపోర్టులో కనపడని వైరస్

"వైరస్ కనపడలేదని రాసుంది కదా మేడమ్, మరి మాత్రలు ఎందుకు ఆపకూడదు?"

ఈరోజు హెచ్ఐవీ కౌన్సెలింగ్‌లో ఒకాయన అడిగారు. రిపోర్టులో ఆ లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకుని మరీ వచ్చారు. ఆ ఆశ చూస్తే జవాబు చెప్పడానికి మనసు రాలేదు. కానీ చెప్పాలి.

రక్తపరీక్షకు అందట్లేదు, నిజమే. కానీ రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్ల రక్తకణాలు కొన్నిట్లో హెచ్ఐవీ ఏకంగా మన డీఎన్ఏలోనే అతుక్కుని నిద్రపోతుంది. అలికిడి లేదు కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టదు, మందులకూ దొరకదు. మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే లేచి కూర్చుంటుంది.

అమెరికాలో హెచ్ఐవీతో పుట్టిన మిసిసిపీ పాప సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. 2010లో పుట్టిన సుమారు 30 గంటలకే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసులో మందులు ఆగిపోయినా 27 నెలల పాటు వైరస్ జాడ లేదు. అందరం నయమైపోయిందనే అనుకున్నాం. 2014లో తిరిగొచ్చింది! అన్నాళ్లూ ఎక్కడ, ఎన్ని కణాల్లో దాక్కుందో పాపం ఆ చిన్న ఒంట్లో.

తిమోతీ రే బ్రౌన్ అనే అమెరికన్‌కి హెచ్ఐవీ నయమైంది కానీ, అది లుకేమియా (రక్త క్యాన్సర్) కోసం చేసిన మూలకణ మార్పిడి వల్ల. ప్రాణాల మీదకొచ్చే అలాంటి చికిత్స అందరికీ చేయలేం.

నిద్రలో ఉన్న వైరస్‌ని లేపి చంపాలని కొందరు చూస్తున్నారు. లేపడం కొంతవరకు కుదిరింది, దాక్కున్న వైరస్ నిల్వ మాత్రం పెద్దగా తగ్గలేదు. అసలు ఎప్పటికీ లేవకుండా తాళం వేసేద్దామని ఇంకొందరి ప్రయత్నం. నాకైతే ఈ రెండోదాని మీదే నమ్మకం ఎక్కువ.