బ్యాటరీ కాదు, సెల్ఫ్ మోటారు

పొద్దున్న తాళం తిప్పితే మా కారు ఎప్పటిలాగే స్టార్ట్ అయ్యేది. ఎండలో కొంత దూరం నడిపి పెట్రోలు బంకులో ఆపాక తిప్పితే మాత్రం బానెట్ కింద ఒక్క 'టక్' శబ్దం, అంతే. నలుగురు తోస్తే, రెండో గేరులో క్లచ్ వదలగానే ఇంజన్ చక్కగా అందుకునేది. అంటే పెట్రోలు, స్పార్క్ సరిగ్గానే ఉన్నాయి. ఇంజన్‌ను మొదట తిప్పాల్సిన సెల్ఫ్ దగ్గరే ఏదో తేడా ఉంది.

విజయవాడలో మా వీధి చివరి దుకాణంలో బానెట్ ఎత్తకుండానే కొత్త బ్యాటరీ వేయించమన్నారు. నేను ఒప్పుకోలేదు. బ్యాటరీ నీరసపడితే సోలనాయిడ్, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్, టకటకమని వరుసగా కొట్టుకుంటుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి. మా కారులో శబ్దం ఒక్కసారే వస్తోంది, లైట్ల వెలుగు తగ్గడం లేదు. కొలిచి చూడకుండా వేల రూపాయల వస్తువు మార్చమనడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఆటోనగర్‌లో సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఫోనులో సంగతి వినగానే, "చల్లారాక తెస్తే జబ్బు దొరకదు సార్, వేడి మీదే తీసుకురండి" అన్నారు. అలాగే తీసుకెళ్లాను.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.7 వోల్టులు చూపించింది. నేను తాళం తిప్పి పట్టుకుంటే 12.4 దగ్గరే ఆగింది. మోటారు తిరుగుతున్నప్పుడు మంచి బ్యాటరీ కూడా పది, పదకొండు వోల్టులకు దిగుతుంది, 9.6 కంటే కిందికి జారితేనే దాన్ని అనుమానించాలి. ఇక్కడ అసలు దిగకపోవడమే రోగ లక్షణం. మోటారు కరెంటు తీసుకోవడమే లేదు.

తర్వాత సోలనాయిడ్‌కు వెళ్లే సన్న వైరు చూశారు. తాళం తిప్పినప్పుడు దానికి కరెంటు అందుతోంది కాబట్టి తాళం స్విచ్, దాని మాట విని కరెంటు పంపే రిలే బాగున్నట్టే. సోలనాయిడ్ నుంచి మోటారులోకి దిగే లావు తీగ దగ్గర కూడా దాదాపు 12 వోల్టులు ఉన్నాయి. ఇక మిగిలింది మోటారు లోపలి భాగమే. "ఇప్పుడు తిప్పండి సార్" అంటూ ఆయన చెక్క పిడితో మోటారు ఒంటిమీద మెల్లగా తట్టారు. ఇంజన్ స్టార్ట్ అయింది! మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్షులు, అరిగి కమ్యుటేటర్‌కు (వాటి కింద తిరిగే రాగి పలకల చుట్టుకు) సరిగా ఆనడం లేదని అప్పుడు ఖాయమైంది. ఈ తట్టడం పరీక్షకే తప్ప రోజూ చేసే వైద్యం కాదు. చిన్న కార్ల మోటార్లలో చాలావాటికి లోపల అయస్కాంతాలుంటాయి, గట్టిగా కొడితే పగిలిపోతాయి.

విప్పే ముందు ఆయన బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశారు. బ్యాటరీ నుంచి మోటారుకు వచ్చే లావు తీగలో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా ఒక కొస దానికి, మరో కొస ఇంజన్‌కు తగిలితే నిప్పులు చిమ్ముతాయి. సొంతంగా విప్పాలనుకునేవారు ఈ ఒక్క జాగ్రత్త మాత్రం వదలొద్దు.

లోపలంతా నల్లటి కార్బన్ పొడి. రెండు బ్రష్షులు స్ప్రింగు నొక్కినా అందనంతగా అరిగిపోయాయి. కమ్యుటేటర్‌ను సన్నని గరుకు కాగితంతో రుద్ది, రాగి పలకల సందుల్లోని పొడిని ఓపికగా గీకి తీశారు. ఇంజన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం, పినియన్, పళ్లు బాగున్నాయి. లోపల తిరిగే తీగచుట్ల భాగం, ఆర్మేచర్, కాలలేదు కనుక మోటారు మొత్తం మార్చాల్సిన పని లేకపోయింది. కొత్త బ్రష్షులు అతికించి, బల్ల మీద బిగించి తిప్పి చూశాకే కారుకు ఎక్కించారు.

ఎర్త్ (మోటారు నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) పరీక్ష మోటారు తిరిగితేనే పూర్తవుతుందని దాన్ని చివరికి ఉంచారు. స్టార్ట్ చేస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కూ మోటారు ఒంటికీ మధ్య అర వోల్టుకు పైగా పోతోంది. ఎర్త్ తీగ బోల్టు కింద తుప్పు పట్టింది. అది గీకి బిగించాక 0.2 కంటే తగ్గింది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం బంకులో ఆపినా మొదటిసారికే స్టార్ట్ అవుతోంది.