1969 కమారోకి 275 టైర్లు ఎక్కించడం: నా అనుభవం

1969 షెవ్రొలే కమారో అనే పాత అమెరికన్ కారుకి వెనక 275 (మిల్లీమీటర్ల వెడల్పు) టైరు పడుతుందా అని పదిమందిని అడిగితే, సగంమంది నిక్షేపంలా పడుతుందంటారు, సగంమంది మడ్‌గార్డుకి రాసుకుంటుందంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అప్పట్లో బాడీ రేకులు అతికిన తీరుకి, ఒకే కారులో ఎడమకీ కుడికీ పావు అంగుళం తేడా రావడం మామూలే. దానికి తోడు ఈ యాభై అయిదేళ్లలో ఎన్నిసార్లు డెంటింగ్ జరిగిందో, క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పక్కనుండే బాడీ రేకు) ఎప్పుడు మారిందో ఎవరు చెప్పగలరు? ఇంకొకరి కారు కొలతలతో రిమ్ములు ఆర్డర్ పెట్టడమంటే లాటరీ టికెట్ కొన్నట్టే. మన కారుని మనమే కొలుచుకోవాలి, అదీ రెండు వైపులా.

నా బండి 350 ఘనపు అంగుళాల ఇంజనున్న ఎస్‌ఎస్, అంటే స్పోర్టు మోడల్. వెనక 12 బోల్టుల యాక్సిల్, మల్టీ లీఫ్ కమాను కట్టలు, ముందు సింగిల్ పిస్టన్ డిస్క్ బ్రేకులు. పాత చక్రాలు 14×7 (వ్యాసం, వెడల్పు అంగుళాల్లో) స్టీలు రిమ్ములు, టైర్లు 215/70 ఆర్ 14 (వెడల్పు 215 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 14 అంగుళాలు). నేను పెట్టాలనుకున్నది ముందు 17×8 రిమ్ముకి 245/45, వెనక 17×9.5 రిమ్ముకి 275/40. ఈ రెండు సైజుల ఎత్తు దాదాపు ఒకటే, 652 మిల్లీమీటర్లు. పాత టైరు ఎత్తు 657. తేడా ఒక శాతం కూడా లేదు కాబట్టి స్పీడోమీటరు గేరు జోలికి వెళ్లక్కర్లేదు. ముల్లు 60 చూపించినప్పుడు బండి 59.6 మైళ్ల వేగంతో పోతుంటుంది, అంతే.

రిమ్ము వెడల్పు ఎంతన్నది చిన్న ప్రశ్న. అసలు ప్రశ్న బ్యాక్‌స్పేసింగ్ ఎంతన్నది. హబ్‌కి ఆనే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు చివరిదాకా ఉండే దూరమే బ్యాక్‌స్పేసింగ్. ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది. 9.5 అంగుళాల రిమ్ము అంటే టైరు కూర్చునే చోటు 9.5 అంగుళాలు. అంచులు కూడా కలిపి కొలిస్తే దాదాపు 10.5 వస్తుంది. కాబట్టి బ్యాక్‌స్పేసింగ్ 5.5 అంటే లోపలికి 5.5, బయటికి 5 అంగుళాలు. ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరమన్న) లెక్కలో చెప్పాలంటే ప్లస్ 6 మిల్లీమీటర్లు. బయటికి మిగిలేది 4 అంగుళాలే అనుకుని ఆర్డర్ పెట్టినవాళ్లకి టైరు అంగుళం బయటికి పొడుచుకొస్తుంది.

కొలతకి కారు తన బరువు మీద తాను నిలబడి ఉండాలి. బాడీ కింద జాక్ స్టాండ్లు పెట్టి, యాక్సిల్ వేలాడుతుంటే తీసుకున్న కొలతలు దేనికీ పనికిరావు. స్టాండ్లు యాక్సిల్ గొట్టం కిందే పెట్టి, చక్రం విప్పాలి. ఈ కారులో పెట్రోలు ట్యాంకు వెనక ఉంటుంది, 18 గ్యాలన్లు. నిండా పోస్తే యాభై కిలోల బరువు అదనం. నేను ట్యాంకు నిండుగా ఉంచే కొలిచాను.

డ్రమ్ము ముఖానికి ఒక పొడవాటి ఇనప స్కేలు నిలువుగా ఆనించి, రెండు నట్లతో బిగించాను. అక్కణ్నించి లోపలికి, కమాను కట్ట బయటి అంచుదాకా ఒక కొలత. బయటివైపుకి తాపీమేస్త్రీల తూకం గుండు చాలు: మడ్‌గార్డు అంచు లోపలి మడత నుంచి దారం వేలాడదీసి, దారానికీ స్కేలుకీ మధ్య దూరం చూడాలి. ఒక్క చోట కాదు, చక్రం నడినెత్తిన, దానికి ముందు, దానికి వెనక, మూడు చోట్ల. వాటిలో తక్కువదే లెక్కలోకి తీసుకోవాలి.

నాకు వచ్చినవి ఇవి. లోపలికి రెండు వైపులా 159 మిల్లీమీటర్లు. బయటికి ఎడమవైపు 140, కుడివైపు 133. మూలమలుపుల్లో రబ్బరు బుష్‌లు ఒత్తుకుని యాక్సిల్ పక్కకి జరుగుతుంది, టైరు గోడ కూడా ఒరుగుతుంది. అందుకని ఇరువైపులా 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం, వదలాలి. లోపలికి 146, కుడివైపు బయటికి 120, మొత్తం 266. అంటే మడ్‌గార్డు అంచు మడవకుండా 265 టైరు బొటాబొటిగా పడుతుంది. 275 కావాలంటే అంచు మడవాల్సిందే. మడిస్తే సుమారు 9 మిల్లీమీటర్లు కలిసొస్తాయి. అప్పుడు కుడివైపు బయటికి 129, మొత్తం సరిగ్గా 275.

5.5 బ్యాక్‌స్పేసింగ్‌తో 275 టైరు లోపలికి 144, బయటికి 131 మిల్లీమీటర్లు వస్తుంది. కమాను కట్ట దగ్గర 15, కుడి మడ్‌గార్డు దగ్గర 11, ఎడమ దగ్గర 18 ఖాళీ మిగులుతాయి. కుడివైపు 11 అంటే నా లెక్కకి రెండు మిల్లీమీటర్లు తక్కువే. అయినా బ్యాక్‌స్పేసింగ్ పెంచలేదు. టైరు మడ్‌గార్డుకి రాసుకుంటే వెంటనే చప్పుడొస్తుంది, కంటికీ కనిపిస్తుంది. కమాను కట్టకి రాసుకుంటే ఆ కోత లోపలి గోడ మీద, ఎవరూ చూడని చోట పడుతుంది. ఖాళీ ఎక్కడో ఒకచోట తగ్గక తప్పదంటే అది బయటివైపే తగ్గనివ్వండి.

టైరు వెడల్పు విషయంలో ఇంకో తిరకాసు. 275 అన్నది పేరుకి. కంపెనీని బట్టి అసలు వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు అటూఇటూ అవుతుంది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, తగ్గితే అంతే ముడుచుకుంటుంది. కంపెనీ ఇచ్చే పట్టికలో సెక్షన్ విడ్త్ అని ఉంటుంది, పక్కనే దాన్ని ఏ రిమ్ము మీద కొలిచారో కూడా ఉంటుంది. ఆ రెండూ చూశాకే డబ్బు కట్టాలి.

ఇక అంచు మడవడం. ఈ కారులో క్వార్టర్ ప్యానెల్ అంచు ఒంటి రేకు కాదు. వెనకున్న వీల్‌హౌస్ (చక్రం మీద గూడులా ఉండే) రేకుతో కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటుంది. రెండు రేకులు కాబట్టి మొండిగా ఉంటుంది. రోలర్ పనిముట్టుని హబ్‌కి బిగించే ముందు, అంచు లోపలి పాత సీలర్‌నీ, అండర్‌కోటింగ్‌నీ గీకి పారేయాలి. లేకపోతే వేడికి అది కరిగి రోలర్‌కి పట్టుకుంటుంది, మడత ఎగుడుదిగుడుగా వస్తుంది. తర్వాత హీట్ గన్‌తో రంగుని వేడిచెయ్యాలి. చెయ్యి ఆనిస్తే చురుక్కుమని వెంటనే తీసేసేంత వేడి చాలు, బుడగలు లేచేదాకా పోకూడదు. ఒక్కసారిగా మడవకూడదు. మొదటి విడతలో అంచు పది పదిహేను డిగ్రీలు వంగితే చాలు. రోలర్ ఆ కొస నుంచి ఈ కొస దాకా నెమ్మదిగా వెళ్లొచ్చాక ఒక పావు మర బిగించి, మళ్లీ వేడిచేసి, మళ్లీ తిప్పాలి. తొందరపడితే అంచు మడతపడే బదులు పై రేకే బయటికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు నున్నటి రంగు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫ్యాక్టరీ రంగు ఇంకా మిగిలి ఉంటే మరీ జాగ్రత్త. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ వాడింది యాక్రిలిక్ లక్కర్, పాతబడితే పెళుసుగా మారి పగిలిపోతుంది. అంచు దగ్గర పుట్టీ పెట్టి ఉంటే అదీ బీటలు వారుతుంది. అయస్కాంతం ఆనించి చూడండి, అంటుకోకపోతే కింద పుట్టీ ఉన్నట్టే. అలాంటి చోట మడవడం మానేసి 265 టైరుతో సరిపెట్టుకోవడమే మేలు. అంచుకి క్రోమ్ మోల్డింగ్ ఉన్న కార్లలో దాని స్క్రూ తలలు టైరు వైపే ఉంటాయి, మడిచేముందు అది విప్పెయ్యాలి. మడత పూర్తయ్యాక లోపల ప్రైమర్ కొట్టి, సీమ్ సీలర్ పట్టించాలి. లేకపోతే రెండు రేకుల మధ్య నీళ్లు నిలిచి, తుప్పు లోపల్నించి మొదలవుతుంది.

ముందు చక్రాల లెక్క వేరు. అక్కడ చక్రం పైకీ కిందికీ ఊగడమే కాదు, తిరుగుతుంది కూడా. కాయిల్ స్ప్రింగు తీసేసి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టుకునే కింది చెయ్యి) కింద జాకీ పెట్టి, పై బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు ముక్క) నుంచి కింది చివరదాకా కదుపుతూ, ప్రతి ఎత్తులోనూ స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడాలి. స్ప్రింగు తీసేటప్పుడు కంప్రెసర్ వాడి, గొలుసుతో ఫ్రేముకి కట్టి ఉంచండి. ఆ స్ప్రింగు ఎగిరిపడితే ప్రాణం మీదికి వస్తుంది. 17×8 రిమ్ము, 4.75 బ్యాక్‌స్పేసింగ్, 245 టైరుతో చూడాల్సిన చోట్లు: పూర్తిగా తిప్పినప్పుడు లోపల యాంటీరోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ), బయట ఫెండర్ (ముందు మడ్‌గార్డు) వెనక కింది మూల, ముందు వాలెన్స్ (బంపరు కింది రేకు) మూల. బ్రేకు గొట్టం టైరుకి తగులుతుందేమో కూడా చూడాలి. ఇది చాలామందికి తట్టదు.

ముందు రెండు వైపులా ఖాళీల్లో పెద్ద తేడా ఉంటే మడ్‌గార్డు మడవడానికి పరుగెత్తకండి. ఈ కారులో ముందు భాగమంతా విడిగా బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేము. బాడీలోనూ సబ్‌ఫ్రేములోనూ అలైన్‌మెంట్ రంధ్రాలుంటాయి. 5/8 అంగుళం కడ్డీ రెండు వైపులా వాటిలోంచి తిన్నగా దిగకపోతే సబ్‌ఫ్రేమే పక్కకి జరిగిందన్నమాట. ముందు అది సరిచెయ్యాలి, ఆ తర్వాతే టైర్ల సంగతి.

బోల్టుల వృత్తం 4.75 అంగుళాలు, అయిదు స్టడ్లు, స్టడ్డు 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. అల్లాయ్ రిమ్ము ముఖం స్టీలు రిమ్ముకంటే మందం, అందుకని పాత నట్లు మరల మీద సరిపడా ఎక్కకపోవచ్చు. నట్టు చేత్తో ఎక్కిస్తూ చుట్లు లెక్కపెట్టండి. కనీసం తొమ్మిది చుట్లు తిరగాలి. అంతకంటే తక్కువైతే పొడుగు స్టడ్లు వెయ్యాలి. స్పేసర్లు పెట్టి పని కానిచ్చేవాళ్లకి ఈ చుట్లే తగ్గిపోతాయి. నట్టు కూర్చునే చోటు కోన్ ఆకారమా, వాషరుతో ఉండే షాంక్ రకమా అన్నది రిమ్ముని బట్టి ఉంటుంది. ఒకదానికి ఇంకోటి వాడితే ఎంత బిగించినా వదులవుతుంది. రిమ్ము నడిమి రంధ్రం హబ్ కంటే పెద్దదైతే మధ్యలో హబ్ రింగు వెయ్యండి, చక్రం నడిమధ్యన కూర్చుంటుంది. 70 ఫుట్ పౌండ్ల టార్క్‌తో, నక్షత్రం వరసలో, రెండు విడతలుగా బిగించాను. ఇంపాక్ట్ గన్ జోలికి పోలేదు.

తర్వాత టైర్ల అంచుల మీదా, లోపలి గోడల మీదా సుద్దముక్కతో గీతలు గీసి, వెనక సీట్లో ఇద్దర్ని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్లున్న దారిలో, పార్కింగ్ ర్యాంపుల మీద వాలుగా ఎక్కిస్తూ నడిపాను. గీత చెరిగిన చోటే రాసుకునే చోటు. వెనక ఎక్కడా చెరగలేదు. ముందు ఎడమవైపు పూర్తిగా తిప్పినప్పుడు యాంటీరోల్ బార్ దగ్గర పలచగా చెరిగింది, స్టీరింగ్ స్టాప్‌ని కాస్త మందం చేస్తే సరిపోయింది.

వీల్ అలైన్‌మెంట్ కొత్తగా చేయించాలి. ఫ్యాక్టరీ పుస్తకంలోని అంకెలు బయాస్ ప్లై టైర్ల (రేడియల్ రాకముందు వాడిన పాత రకం) కోసం రాసినవి. వెడల్పు రేడియల్ టైర్లకి కాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగే కోణం) అర డిగ్రీ నెగటివ్, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు పాజిటివ్ దాకా, టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండటం) 1/16 అంగుళం అని అడగండి. అప్పర్ ఆర్మ్ (పై చెయ్యి) దగ్గర పెట్టే షిమ్‌లతో (పలచటి ఇనప బిళ్లలతో) కాస్టర్ అంత రాకపోతే ఎంతొస్తే అంతే. అది తక్కువైతే హైవే మీద స్టీరింగ్ గీతలవెంట గుంజుతుంది. కాస్టర్ పెంచితే పార్కింగ్‌లో స్టీరింగ్ బరువవుతుంది, పవర్ స్టీరింగ్ లేని కారైతే మరీను.

గాలి ముందూ వెనకా 32 పీఎస్‌ఐతో మొదలుపెట్టాను. యాభై మైళ్లు తిరిగాక చక్రాలు చల్లబడ్డప్పుడు నట్లు మళ్లీ టార్క్ చూడాలి. అల్లాయ్ రిమ్ములకి ఇది తప్పనిసరి, మొదటిసారి ఎంతోకొంత తిరగడం ఖాయం.

డిక్కీలో స్టెప్నీగా పాత 14 అంగుళాల చక్రమే ఉంచేసుకున్నాను. ఎత్తు తేడా 5 మిల్లీమీటర్లే కాబట్టి ఇబ్బంది లేదు. పోసిట్రాక్షన్ యాక్సిల్ (ఒక వెనక చక్రమే జారి తిరగకుండా క్లచ్ ప్లేట్లతో రెండింటినీ జోడించేది) ఉన్నవాళ్లు మాత్రం వెనక ఎత్తు బాగా తేడాగా ఉన్న స్టెప్నీ వేసుకుని దూరం పోకూడదు. రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరుగుతూ లోపలి క్లచ్ ప్లేట్లు అరుగుతూనే ఉంటాయి. అలాంటప్పుడు ముందు చక్రం ఒకటి వెనక్కి వేసి, స్టెప్నీ ముందుకి వెయ్యాలి. జాకీతో రెండుసార్లు ఎత్తే పని, కానీ యాక్సిల్ విప్పే పనికంటే నయం.