అరిగిపోయిన విక్టోరియా రూపాయికి గ్రేడు ఇవ్వడం

విక్టోరియా రాణి బొమ్మ ఉన్న ఈ వెండి నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని, పక్కనుంచి లైటు పడేలా మెల్లగా తిప్పండి. ఎదురు వెలుగులో అరుగుదల తెలియదు.

రాణి బొమ్మలో చెవి పైన జుట్టు, చెంప ముందు అరుగుతాయి. గ్రేడు అంటే నాణెం ఎంత అరిగిందో చెప్పే మెట్టు; పై మెట్టు నుంచి కిందికి చూడండి. జుట్టు పాయలు కొన్ని విడిగా కనిపిస్తే ఫైన్. కిరీటం రూపురేఖలే మిగిలి, అక్షరాలు నిండుగా ఉంటే వెరీ గుడ్. బొమ్మ చదునైపోయినా చుట్టు అంచు నిలిస్తే గుడ్. అంచు అరిగి అక్షరాల్లో కలిసిపోతే అబౌట్ గుడ్, అంతే. సంవత్సరం చదవలేకపోతే గ్రేడు గొడవే అనవసరం.

కొత్తలో బరువు 11.66 గ్రాములు. మరీ తగ్గి, బొమ్మ మాత్రం పదునుగా ఉంటే నకిలీ అని అనుమానించాలి.

లంబాడీ నగల్లోంచి వచ్చినవాటికి అంచున టంకం మచ్చో, చిల్లో తరచూ ఉంటుంది. అది అరుగుదల కాదు, దెబ్బ; విడిగా రాయాలి. చింతపండుతో మాత్రం తోమకండి, అక్షరాల మధ్య నలుపు పోతే ధరా పోతుంది.